పోపుగారి నిర్ణయం మనసుకు కష్టం కలిగించినప్పుడు విధేయత అంటే ఎంతవరకు?

ఇర్వింగ్_అమ్మ:

అందరికీ నమస్తే. ఇక్కడ కతోలికులు చాలామంది ఉన్నారని తెలిసి అడుగుతున్నాను, దయచేసి గొడవ లేకుండా చెప్పండి. మాది గుంటూరు దగ్గర పల్లె, తరతరాలుగా కతోలికులం. పెళ్లయ్యాక టెక్సాస్ వచ్చాం. ఇక్కడ సెయింట్ పీటర్ ఫ్రాటర్నిటీ (రోమ్‌కి లోబడి పాత పూజ చేసే ఫాదర్ల సంఘం) గురువులు నడిపే విచారణకు, అంటే పారిష్‌కి వెళ్తాం, పూజ మొత్తం పాత పద్ధతిలో, లాటిన్‌లోనే. మొదట్లో నాకు ఏమీ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఆ నిశ్శబ్దం లేకుండా ఆదివారం గడవదు. పెద్దబ్బాయి పీఠం దగ్గర సేవ చేస్తాడు, చిన్నది మోకాళ్ల మీదే దివ్యసత్ప్రసాదం తీసుకుంటుంది, చెయ్యి చాపడం దానికి తెలియనే తెలియదు.

సమస్య ఏంటంటే, 2021లో ఫ్రాన్సిస్ పోపుగారు పాత పూజ మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి మా విచారణలో ఒక టెన్షన్ మొదలైంది. ఇవాళ కాకపోతే రేపు మనదీ మూసేస్తారని కొందరు, అలాంటిదేమీ జరగదని కొందరు. మాకు బాగా దగ్గరైన రెండు కుటుంబాలు సెయింట్ పయస్ ది టెన్త్ సొసైటీ (రోమ్ అనుమతి లేకుండా పాత పూజ నడిపే సంఘం) వాళ్ల గుడికి మారిపోయాయి. మావారు కూడా సగం మనసు అటే పెట్టారు. "మన పూర్వీకుల పూజని పోపే తీసేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం విధేయత కాదు" అంటారు. మా అమ్మ ఫోన్లో ఒకటే మాట, పోపుగారిని కాదన్న గుడిలో అడుగు పెడితే ఇక మనం కతోలికులం ఎట్లా అవుతామే అని.

ఒకసారి నేనూ వెళ్లి చూశాను ఆ గుడికి. గుమ్మం లోపల గోడకి లియో పోపుగారి ఫోటో ఉంది. పూజ అచ్చం మా విచారణలో జరిగినట్టే జరిగింది, గురువు ప్రసంగంలో పోపుగారి కోసం ప్రార్థించమని కూడా అడిగారు. బయట కార్ల దగ్గర మాత్రం ఇద్దరు మగవాళ్లు పోపు గురించి మాట్లాడిన తీరు మా ఇంట్లో ఎవరైనా పక్కింటివాళ్ల గురించి మాట్లాడినా నేను ఊరుకునేదాన్ని కాదు. ఫోటో లోపల, ఆ మాటలు బయట. ఏది నిజమో అర్థం కాక రాస్తున్నాను. పోపుగారు చెప్పినది తప్పనిపించినప్పుడు కతోలికుడు ఎంతవరకు ఎదురు చెప్పొచ్చు, ఏ గీత దాటితే శ్రీసభ (కతోలిక చర్చి) బయటికి వెళ్లినట్టు? నా భర్తతో వాదించడానికి కాదు, పిల్లలకి నేనేం నేర్పాలో తెలియాలి.

పాత_గురువిద్యార్థి:

అమ్మా, సెమినరీలో కొన్నేళ్లు చదివి బయటికొచ్చినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను. ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. పోపుగారు నోరు తెరిచి అన్న ప్రతి మాటా ఒకే బరువుతో ఉండదు. మన ఊళ్లల్లో ఈ తేడా ఎవరూ చెప్పరు, అందుకే అయితే అంతా దైవవాక్కు అనుకుంటాం, లేదా ఒక మాట నచ్చకపోతే మొత్తం మీదే నమ్మకం పోతుంది.

1870 జులై 18న మొదటి వాటికన్ మహాసభ (బిషప్పులందరి సభ) పోపుగారి "తప్పులేమి", అంటే బోధలో తప్పు చెప్పకపోవడం గురించి సిద్ధాంతం చేసింది. చాలామంది అనుకునేదానికంటే అది చాలా ఇరుకైన సిద్ధాంతం. విశ్వాసం గురించో నీతి గురించో, సర్వ శ్రీసభా నమ్మి తీరాలని, పేతురు పీఠం నుంచి తుదితీర్పుగా ప్రకటించినప్పుడు మాత్రమే. ఆ తర్వాత ఆ పద్ధతిలో జరిగిన ప్రకటన అంటే అందరూ చూపించేది 1950 నవంబరు 1న పన్నెండో పయస్ మరియమాత మోక్షారోపణం (ఆత్మశరీరాలతో మోక్షానికి చేరడం) గురించి చేసినదే. అదే మహాసభ ఇంకో మాట కూడా రాసింది: పేతురు వారసులకు పవిత్రాత్మ వాగ్దానం చేయబడింది కొత్త సిద్ధాంతం కనిపెట్టడానికి కాదు, అపొస్తలుల నుంచి వచ్చినదాన్ని కాపాడి చెప్పడానికి. సంప్రదాయం ఇష్టపడేవాళ్లు ఈ వాక్యాన్ని గట్టిగా పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా.

కానీ అక్కడితో ఆగితే సగమే చదివినట్టు. అదే పత్రం మూడో అధ్యాయంలో విశ్వాసం, నీతి విషయాల్లోనే కాదు, శ్రీసభ క్రమశిక్షణ, పరిపాలన విషయాల్లో కూడా పోపుగారికి నిజమైన విధేయత చూపాలని స్పష్టంగా ఉంది. పూజ ఏ పుస్తకంతో చేయాలి, ఎక్కడ చేయాలి అన్నది సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది. "ఇది తప్పులేని బోధ కాదు కాబట్టి మాకు వర్తించదు" అనే వాదన నేను ఆన్‌లైన్‌లో రోజూ చూస్తుంటాను, అది నిలవదు. తండ్రి ఇంట్లో పెట్టిన నియమం దైవవాక్కు కాదు, అయినా అది నియమమే. ఇక విమానంలో విలేకరులతో అన్న మాట, ఏదో ఇంటర్వ్యూలో చెప్పిన అభిప్రాయం, ఇవి గౌరవంగా వినాల్సినవి, ఒప్పుకుని తీరాల్సినవి కావు. వీటి గురించి నిద్ర పాడు చేసుకోకండి.

ఎదురు చెప్పొచ్చా అని అడిగారు. చెప్పొచ్చు. శ్రీసభ చట్టంలోనే 212వ నియమం మూడో పేరాలో ఉంది, తమ జ్ఞానాన్నిబట్టి, హోదానిబట్టి విశ్వాసులు తమ అభిప్రాయాన్ని కాపరులకు చెప్పే హక్కు మాత్రమే కాదు, ఒక్కోసారి బాధ్యత కూడా ఉంటుందని, అయితే గౌరవం తప్పకుండా చెప్పాలని. చరిత్రలో కూడా ఉదాహరణలకు కొదవ లేదు. అంతియొకయలో పౌలు పేతురుని ముఖం మీదే నిలదీశాడు, గలతీయులకు రాసిన లేఖ రెండో అధ్యాయం తీసి చూడండి. సియెనా పునీత కేథరిన్ ఫ్రాన్స్‌వైపు ఆవిన్యోన్‌లో ఉన్న పదకొండో గ్రెగరీ పోపుని రోమ్‌కి తిరిగి రమ్మని ఎంత సూటిగా రాసిందో! 1331 తర్వాత ఇరవై రెండో జాన్ పోపు, చనిపోయిన పునీతులు తుదితీర్పు దాకా దేవుణ్ణి ముఖాముఖి చూడరని ప్రసంగాల్లో చెప్తే పారిస్ వేదపండితులు ఒప్పుకోలేదు, ఆయన చివరికి మరణశయ్య మీద వెనక్కి తీసుకున్నారు. వీళ్లెవరూ శ్రీసభ బయటికి వెళ్లినవాళ్లు కాదు.

మరి గీత ఎక్కడ? 751వ నియమం చీలికని ఇలా నిర్వచిస్తుంది: పోపుగారికి లోబడడాన్ని తిరస్కరించడం, లేదా ఆయనకు లోబడినవాళ్లతో ఐక్యతని తిరస్కరించడం. ఒక ఆజ్ఞ కష్టంగా ఉందనడం, అది మార్చండని అడగడం, ఆ ఆజ్ఞ వల్ల ఏడవడం కూడా చీలిక కాదు. "మీకు నా మీద ఆజ్ఞ ఇచ్చే అధికారమే లేదు" అనడం చీలిక.

దక్షిణాది_పాతపూజ:

నేను తమిళనాడులో ఉద్యోగం చేస్తాను, సొసైటీ గురువుల పూజకే వెళ్తాను. పాళయంకోట్టైలో వాళ్లు చేస్తున్న సేవ కళ్లారా చూశాను. కాబట్టి ఇంకో పక్క కూడా వినండక్కా.

మా సొసైటీని స్థాపించిన లెఫెవ్ర్ ఆర్చ్‌బిషప్పుగారు తిరగబడడానికి పుట్టినమనిషి కాదు. డకార్ ఆర్చ్‌బిషప్పు, ఫ్రెంచి ఆఫ్రికాకి పోపుగారి ప్రతినిధి, తర్వాత పవిత్రాత్మ సభకి సుపీరియర్ జనరల్. ఏళ్ల తరబడి రోమ్ చెప్పిందే చేసినవాడు. 1970లో స్విట్జర్లాండ్‌లో చిన్నగా మొదలుపెట్టింది కూడా అక్కడి బిషప్పు అనుమతితోనే. ఆ రోజుల్లో యూరప్‌లో ఏం జరిగిందో ఇప్పటి పిల్లలకి తెలియదు. పీఠాలు పగలగొట్టారు, విగ్రహాలు తీసి కొట్లల్లో పడేశారు, మోకాళ్లూనే కంచె పీకేశారు, వందల ఏళ్లుగా తాతముత్తాతలు చేసుకున్న పూజని ఒక్క రాత్రిలో నేరం చేసినట్టు చేశారు. పాత పూజ కావాలన్న ముసలివాళ్లని పిచ్చివాళ్లలా చూశారు.

2007లో పదహారో బెనెడిక్ట్ పోపుగారు ఏమని రాశారు? పాత పూజాగ్రంథం ఎన్నడూ చట్టరీత్యా రద్దు కాలేదని. అంటే దాదాపు నలభై ఏళ్లు "అది నిషేధం, మీరు అవిధేయులు" అని జనాన్ని బెదిరించిన అధికారులే తప్పు చెప్పారన్నమాట. ఆ నలభై ఏళ్లూ అందరూ విధేయంగా కూర్చుని ఉంటే, ఆ పూజ చేయడం తెలిసిన గురువు ఒక్కడైనా మిగిలేవాడా? మీరు వెళ్తున్న ఫ్రాటర్నిటీ విచారణ కూడా ఆయన వేసిన విత్తనం నుంచి వచ్చిందే. వాళ్లని పెంచిన సెమినరీ ఆయనదే.

మేం పోపుని తిరస్కరించడంలేదు. ప్రతి పూజలోనూ ఆయన పేరు చెప్తాం, పోపు పీఠం ఖాళీగా ఉందని వాదించే గురువులకి మా సొసైటీలో చోటు లేదు. మేం అనేది ఒకటే, అధికారం విశ్వాసాన్ని కాపాడడానికి ఇచ్చింది, దాన్ని కాపాడకుండా వాడినప్పుడు ఆత్మల రక్షణే అన్నిటికంటే పెద్ద చట్టం. శ్రీసభ చట్టంలో ఆఖరి నియమం, 1752, అదే చెప్తుంది. ఆ కార్ల దగ్గర మాట్లాడినవాళ్ల నోటికి నేను బాధ్యుణ్ణి కాను, అలా మాట్లాడితే మా ఫాదర్ కూడా తిడతారు. కానీ బాధలో ఉన్నవాళ్ల మాట కొంచెం కరుకుగానే ఉంటుంది.

విశాఖ_టీచర్:

పై తమ్ముడు మర్యాదగా రాశాడు, సంతోషం. ఆ బాధని తక్కువ చేయను. 2007 గురించి చెప్పినది నిజం, ఒప్పుకోవాల్సిందే. కానీ కథ 1970 నుంచి 2007కి ఎగిరిపోయింది, మధ్యలో 1988 ఉంది, అసలు ప్రశ్నంతా అక్కడే ఉంది. నేను పాత పూజని ప్రేమించేదాన్ని, అందుకే ఆ సంవత్సరం గురించి చాలా చదివాను, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1988కి లెఫెవ్ర్‌గారికి 82 ఏళ్లు. తాను పోతే తన గురువిద్యార్థులకి గురుపట్టం ఇచ్చే బిషప్పు ఎవరూ ఉండరన్న భయం, న్యాయమైన భయమే. రోమ్‌లో అప్పటి కార్డినల్ రాట్జింగర్, అంటే తర్వాతి బెనెడిక్ట్ పోపుగారే, ఆయనతో చర్చలు జరిపి మే 5న ఒక ఒప్పందం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. పాత పూజ ఉంటుంది, సొసైటీకి చట్టబద్ధమైన హోదా ఉంటుంది, సొసైటీలోంచే ఒక బిషప్పు ఉంటారు. మర్నాడే లెఫెవ్ర్‌గారు వెనక్కి తగ్గారు, తేదీ ఖాయం చేయమని పట్టుబట్టారు. రోమ్ ఆగస్టు 15 లోపు బిషప్పు అభిషేకానికి పోపుగారు సిద్ధమని రాసింది. ఆయన నమ్మలేదు. జూన్ 30న స్విట్జర్లాండ్‌లో తన సెమినరీ ఉన్న ఎకోన్‌లో, వద్దని రెండో జాన్ పాల్ పోపుగారు వేడుకున్నా, ఒకరిని కాదు నలుగురిని బిషప్పులుగా అభిషేకించారు. ఆరు వారాలు, అంతే తేడా.

రెండురోజుల తర్వాత పోపుగారు రాసిన ఉత్తరంలో రెండు విషయాలున్నాయి. ఒకటి, ఈ పని రోమ్ ప్రాధాన్యాన్ని ఆచరణలో తిరస్కరించడమే కాబట్టి చీలిక పని అని. రెండోది ఎవరూ గుర్తుచేసుకోరు: పాత పూజని ప్రేమించేవాళ్ల మనసుని అన్నిచోట్లా గౌరవించాలని, అనుమతులు ధారాళంగా ఇవ్వాలని బిషప్పులకు చెప్పారు. బాధని గుర్తించారు, అవిధేయతని ఒప్పుకోలేదు.

ఇప్పుడు చూడండి, ఆ రోజు ఎకోన్‌లోనే పెరిగిన కొందరు గురువులు ఏం చేశారో. తాము తండ్రిలా ప్రేమించిన ఆర్చ్‌బిషప్పుని వదిలి, వీధినపడే పరిస్థితిలో, చేతిలో ఏమీ లేకుండా రోమ్‌కి వెళ్లారు. జులై 18న సెయింట్ పీటర్ ఫ్రాటర్నిటీ పుట్టింది. సొంతవాళ్లే వాళ్లని ద్రోహులన్నారు, చాలామంది బిషప్పులు తలుపు తీయలేదు. ఇర్వింగ్ అక్కా, మీ పిల్లవాడు సేవ చేస్తున్న పీఠం ఆ నిర్ణయంవల్ల నిలబడింది. తమ్ముడు విత్తనం లెఫెవ్ర్‌గారిదన్నాడు, కాదనను. మొక్కకి నీళ్లు పోసింది మాత్రం విధేయతే. 2021 ఆంక్షలు వచ్చాక కూడా 2022 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ పోపుగారే ఫ్రాటర్నిటీ గురువులు 1962 నాటి పాత పూజాగ్రంథాలన్నీ వాడుకోవచ్చని ప్రత్యేకంగా డిక్రీ ఇచ్చారు. ఈ సంగతి మీ విచారణలో భయపడేవాళ్లకి చెప్పండి.

బ్రెజిల్‌లో కాంపోస్ అనే చోటుంది. 1988లో లెఫెవ్ర్‌గారి పక్కన నిలబడి అభిషేకం చేసిన కాస్త్రో మేయర్ బిషప్పుగారి ఊరు. ఆయన గురువులూ, ఆయన జనమూ ఆయన పోయాక రోమ్‌తో మాట్లాడి 2002 జనవరిలో పూర్తిగా తిరిగొచ్చారు, పాత పూజతోనే, సొంత బిషప్పుతోనే. అవిధేయత లేకుండా పాత పూజ బతకదన్న మాటకి కాంపోస్‌కన్నా వేరే జవాబు అక్కర్లేదు నాకు.

ఇంకొకటి. పైవాడి మాట వినక్కర్లేదని ఒకసారి నేర్పితే అది అక్కడితో ఆగదు. 1983లోనే అమెరికాలో తొమ్మిదిమంది గురువులు లెఫెవ్ర్‌గారి మాట వినక బయటికెళ్లారు. ఆ నలుగురు బిషప్పుల్లో ఒకరైన విలియమ్సన్‌ని 2012లో సొసైటీ తీసేసింది, కారణంగా చెప్పింది పైవాళ్లకి గౌరవం, విధేయత చూపలేదని. ఆయన 2015లో బ్రెజిల్‌లో, అత్యవసర పరిస్థితి అన్న అదే వాదనతో, తన సొంతంగా ఇంకో బిషప్పుని అభిషేకించారు. విలియమ్సన్‌కి "కాదు" అని చెప్పడానికి సొసైటీ చేతిలో ఏ ఆధారం మిగిలింది? ఎప్పుడు అత్యవసరమో నేనే తేల్చుకుంటానంటే, ప్రతివాడూ తేల్చుకుంటాడు.

ఇటలీ పునీతుడు పాద్రే పియో సంగతి మా క్లాసులో పిల్లలకి చెప్తుంటాను. 1931లో రోమ్ ఆయనకి పాపసంకీర్తనం (కన్ఫెషన్) వినే అధికారం తీసేసింది, జనం ముందు పూజ చేయకూడదంది, లోపలి చిన్న గుడిలో ఒంటరిగా చేసుకోమంది. ఆరోపణలు అన్యాయమైనవే. ఊరు ఊరంతా ఆయన పక్షం. ఆయన నోటి మాటగా ఒక సైగ చేసినా చాలు, సాన్ జొవాన్ని రొతొందోలో అల్లరి జరిగేది. ఆయన ఆ సైగ చేయలేదు. రెండేళ్లు అలాగే ఉన్నారు, 1933 నుంచి ఆంక్షలు తీసేయడం మొదలైంది. పౌలు పేతురుని నిలదీశాడన్నది నిజమే, కానీ నిలదీసి బయటికెళ్లి ఇంకో పన్నెండుమంది అపొస్తలుల్ని పెట్టుకోలేదు కదా.

ఫిరంగిపురం_వైపు_ఉపదేశి:

అమ్మాయ్, నేను వయసులో పెద్దవాణ్ణి, విచారణలో ఉపదేశిగా ఎన్నో ఏళ్లు చేశాను. ఫోన్లో టైపు చేయడం ఆలస్యం, అయినా రాస్తున్నా.

నా చిన్నప్పుడు పూజ లాటినే. "దోమినుస్ వోబిస్కుం" అంటే "ఎత్ కుం స్పిరితు తువో" అని గబగబా చెప్పేవాళ్లం, అర్థం ఎవరికి తెలుసు. మా నాయనమ్మ పూజ మొదలైన దగ్గర్నుంచి జపమాల తిప్పుతూనే ఉండేది, గంట మోగితే తలెత్తి చూసేది, మళ్లీ జపమాలే. రెండో వాటికన్ మహాసభ తర్వాత తెలుగు పూజ వచ్చింది. మాకు అది పండగే. ఫాదర్ జనంవైపు తిరిగి మా భాషలో "ప్రభువు మీతో ఉండుగాక" అంటే మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అమెరికాలో మీకు లాటిన్ పూజలో దొరికింది మా అమ్మకి తెలుగు పూజలో దొరికింది, రెండూ నిజమే, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కించపరచకండి. పాత పూజవాళ్లు కొందరు కొత్త పూజ అసలు పూజే కాదన్నట్టు మాట్లాడతారు, ఆ మాట మా అమ్మ విశ్వాసాన్ని తన్నినట్టుంటుంది నాకు.

మాకూ నచ్చని ఆజ్ఞలొచ్చాయి. 1969లో మన దేశంలో పూజలో చేసుకోవచ్చని రోమ్ పన్నెండు అంశాలు ఒప్పుకుంది, చెప్పులు బయట విడిచి రావడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి అంజలి, హారతి, దీపపు స్తంభం. మా దళిత వాడల్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. ఏ గుళ్లలోకి మమ్మల్ని రానివ్వలేదో ఆ గుళ్ల పద్ధతులు మా పీఠం దగ్గరికి తెస్తారా అని పెద్దవాళ్లు నిలదీశారు. ఫాదర్లతో వాదించారు. బిషప్పుగారింటికి గుంపుగా వెళ్లి చెప్పుకున్నవాళ్లున్నారు. అట్లాగని పూజ మానలేదు, వేరే గుడి కట్టుకోలేదు. చాలా ఊళ్లల్లో చివరికి అవి వాడకంలోకి రాకుండానే పోయాయి, జనం చెప్పింది వినబట్టే. నోరు మూసుకుని ఉండడం కాదు విధేయత, ఇంట్లో ఉండి పోట్లాడడం అది.

ఇంకో సంగతి మీ టెక్సాస్ వాళ్లకి తెలియదు. మాకు పోపుగారంటే పూజ పుస్తకం మార్చేవాడు మాత్రమే కాదు. ఊళ్లో కులపెద్ద మాటే చట్టమైన చోట, గుళ్లో కూడా వేర్వేరు వరసలు పెట్టిన రోజుల్లో, ఈ పెద్దల పైన ఇంకో పెద్ద ఉన్నాడు, రోమ్‌లో ఉన్నాడు, ఆయనకి మన కులంతో పనిలేదు అన్న నమ్మకం మా వాళ్లని నిలబెట్టింది. 2022 ఆగస్టులో పూల అంతోనిగారిని ఫ్రాన్సిస్ పోపుగారు కార్డినల్ చేశారు, దళితుల్లో మొదటివారు, తెలుగువాళ్లలో మొదటివారు. ఇక్కడి పెద్దకులాలవాళ్లని అడిగి చేశారా? 2025 మేలో లియో పోపుగారిని ఎన్నుకున్నప్పుడు మా హైదరాబాద్ కార్డినల్‌గారు కూడా లోపల కూర్చుని ఓటేశారు. పూజ విషయంలో ఫ్రాన్సిస్ పోపుగారు మీకు కష్టం కలిగించి ఉండొచ్చు. అదే చేత్తో ఆయన మాకు చేసింది కూడా తూకంలో వెయ్యండి. పోపు అందరికీ పోపు, మన ఒక్కరి అవసరానికి కాదు.

మీ అమ్మ చెప్పింది కరుకుగా ఉన్నా మాట మాత్రం సరైందే.

దక్షిణాది_పాతపూజ:

ఉపదేశిగారూ, మీ అమ్మగారి మాట చదివి చాలాసేపు ఆగాను. ఆవిడ విశ్వాసాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు, మావాళ్లలో అలా మాట్లాడేవాళ్లుంటే అది తప్పే. టీచర్‌గారు చెప్పిన ఆరువారాల సంగతి మాత్రం నేను ఇంకోలా చూస్తాను, అంతకుముందు ఇచ్చిన మాటలు ఎన్ని నిలబెట్టుకున్నారో చూసిన ముసలాయనకి ఆ ఆగస్టు తేదీ మీద నమ్మకం కుదరలేదు. నేను ఆయన స్థానంలో ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. కానీ ఒక్కటి అందరూ ఒప్పుకోవాలి, పూజని ఆంక్షల్లో పెట్టిన ఫ్రాన్సిస్ పోపుగారే 2015లో మా గురువుల దగ్గర పాపసంకీర్తనం చెల్లుతుందని అధికారం ఇచ్చారు, తర్వాత దాన్ని కొనసాగించారు, 2017లో పెళ్లిళ్లకి కూడా దారి చూపించారు. మమ్మల్ని పూర్తిగా బయటివాళ్లుగా ఆయన కూడా చూడలేదు.

ఇర్వింగ్_అమ్మ:

అందరికీ పేరుపేరునా థాంక్స్. మావారికి ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను. కాంపోస్ సంగతి ఆయనకి తెలియదట, ఫ్రాటర్నిటీకి 2022లో ఇచ్చిన డిక్రీ గురించి కూడా. "మరైతే మనవాళ్లు మూసేస్తారని ఎందుకు భయపెడుతున్నారు" అని నన్నే అడిగారు. ఉపదేశిగారు చెప్పింది విని మాత్రం చాలాసేపు ఏం మాట్లాడలేదు. మాకింకా తేలనిది ఒకటుంది. ఆ రెండు కుటుంబాలతో స్నేహం ఎలా ఉంచుకోవాలి, పిల్లలు వాళ్ల పిల్లలతోనే పెరిగారు. వాళ్ల అమ్మాయికి భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఆ గుడిలోనే పెట్టుకున్నారు, మమ్మల్ని పిలిచారు. వెళ్లాలా వద్దా?

పాత_గురువిద్యార్థి:

స్నేహం వదలకండి, దానికి ఏ నియమమూ అడ్డు లేదు. వాళ్లని చీలికవాళ్లని పిల్లల ముందు అనకండి కూడా. సొసైటీకి శ్రీసభలో చట్టబద్ధమైన హోదా లేదని 2009లో బెనెడిక్ట్ పోపుగారు రాశారు, అదే ఏడాది జనవరిలో ఆ నలుగురు బిషప్పుల మీదున్న వెలిని తీసేసిందీ ఆయనే. అంటే తలుపు మూయలేదు, ఇల్లూ ఇంకా ఒకటి కాలేదు. ఇలాంటి మధ్యస్థితిలో ఉన్న మనుషుల మీద ఆన్‌లైన్‌లో మనం తీర్పులు రాయడం మన పని కాదు.

అభ్యంగనం సంగతి. బంధువులుగా, స్నేహితులుగా వెళ్లి కూర్చుని ఆ అమ్మాయి కోసం ప్రార్థించడంలో తప్పు నాకు కనిపించడం లేదు. జ్ఞానతల్లిగా నిలబడమంటే మాత్రం ముందు మీ విచారణ గురువుని అడగండి, ఆయన చెప్పినట్టు చేయండి, ఇంటర్నెట్‌లో నేను చెప్పినట్టు కాదు. మీ ఆదివారం పూజ మాత్రం మీ విచారణలోనే ఉంచుకోండి. పూజ అక్కడా అదే పూజ, కానీ మీకు పోపుగారి ఐక్యతలో, బిషప్పు అనుమతితో, పాత పూజ ఇంటి దగ్గరే దొరుకుతున్నప్పుడు దాన్ని వదిలి అటు వెళ్లడానికి అవసరం అనే వాదన మీ విషయంలో అసలు నిలబడదు. ఏ పూజా దొరకని ఊళ్లో ఉన్నవాడి ప్రశ్న వేరు.

ఇక మీవారి బాధ గురించి అన్నారు కదా. ఆయన్ని ఆపకండి, రాయమనండి. బిషప్పుగారికి ఒక ఉత్తరం, రోమ్‌లో దైవారాధన విభాగానికి ఒక ఉత్తరం. పాత పూజ మీ ఇంట్లో ఏం చేసిందో రాయండి, పెద్దవాడి సేవ గురించి రాయండి, ఎవరినీ నిందించకండి, ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ ఉత్తరాలు వాడకండి. 2025 అక్టోబరులో సెయింట్ పీటర్స్ బసిలికాలో కార్డినల్ బర్క్ పాత పూజ చేశారు, లియో పోపుగారి అనుమతితోనే. అడిగేవాళ్లకి చెవి ఒగ్గే రోజులివి అని నాకనిపిస్తోంది. ముసాయిదా రాశాక కావాలంటే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, టీచర్‌గారూ నేనూ చూసి పెడతాం.